తెర దొరికాక

అక్కకు మాట పడిపోయి అప్పటికి నాలుగేళ్ళు. ముందు నాలుక మొద్దుబారింది, తర్వాత చేతులు, ఆ తర్వాత కాళ్ళు, మెడ. నరాల జబ్బన్నారు. మందు లేదని ఒక్క ముక్కలో చెప్పలేక డాక్టర్లు దానికి బారెడు పేరు చెప్పారు. ఆఖరికి ఒళ్ళు మొత్తంలో ఆమె చెప్పినట్టు వినేవి రెండే మిగిలాయి: కళ్ళు, ఎడమకాలి బొటనవేలు.

ఆ బొటనవేలితోనే ఆమె ఇల్లంతా ఏలేది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆమె సర్వేయరు. ఇరవై రెండేళ్ళు పొలాలూ స్థలాలూ కొలిచింది. గట్టు తగాదాల్లో కర్రలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళ మధ్యకు గొలుసు పట్టుకుని వెళ్ళి, జానెడు తేడా వస్తే అందరినీ ఎండలోనే నిలబెట్టి మళ్ళీ మొదట్నుంచీ కొలిపించేది. ఆఫీసులో ఆమెను వెనకాల ‘టేపు మేడమ్’ అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి, లోపల్లోపల సంతోషించేది కూడా.

మాట పోతున్న రోజుల్లో, ఆమె కింద పటాలు గీసే ఉద్యోగి ఒకతను ఆఫీసులో తీసేసిన ల్యాప్‌టాప్‌లో ఒక ఏర్పాటు చేసి ఇచ్చాడు. తెర మీద తెలుగు అక్షరాలు వరుసలుగా ఉంటాయి. పసుపు గీత ఒకటి ఒక్కో వరుస మీదా ఆగుతూ కిందికి దిగుతుంది. కావలసిన వరుస మీద గీత ఆగినప్పుడు కాలి దగ్గరి బొత్తాం నొక్కాలి. అప్పుడు గీత ఆ వరుసలోని అక్షరాల మీద నడుస్తుంది. మళ్ళీ నొక్కాలి. గుణింతానికి ఇంకోసారి, ఒత్తుకు ఇంకోసారి. వాక్యం పూర్తయితే ‘టింగ్’మని గంట మోగుతుంది. ‘ఫ్యాన్ తగ్గించు’ అని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టేది. అందుకని అక్క మాటల్ని పొదుపుగా వాడేది. ‘ఫ్యాన్’ అంటే తగ్గించాలో పెంచాలో చెల్లెలే గ్రహించాలి.

అది అమర్చి ఇచ్చినతను తర్వాత ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు. ఫోను నంబరూ మారింది. కాలి బొత్తాం తీగ వెళ్ళేది వెనకవైపున్న వెడల్పాటి పిన్నుల సాకెట్లోకి. అలాంటి సాకెట్ కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండదు. బయటి టీవీకి తగిలించే కంత రెండేళ్ళ కిందటే కాలిపోయింది. కాబట్టి అక్క నోరంటే ఆ పాత ల్యాప్‌టాప్ ఒక్కటే.

చెల్లెలికి నలభై నాలుగేళ్ళు. కళ్ళద్దాల దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. పదహారేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, మొగుడి ఇంటినుంచి ఒక్క సంచితో వచ్చి అక్క గుమ్మంలో నిలబడింది. ఏం జరిగిందని అక్క అడగలేదు. “భోంచేశావా?” అంది. మర్నాడు తనే వెంటబెట్టుకెళ్ళి ఈ పనిలో చేర్పించింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. చుట్టాలెవరైనా ఆరా తీయబోతే, “అది నా చెల్లెలు, నా ఇంట్లో ఉంది. ఇంకేం కావాలి మీకు?” అని నోరు మూయించేది.

అలాంటి అక్కకు చెయ్యడం తనకు భారమని చెల్లెలు ఎవరితోనూ అనలేదు. తనలో తనైనా అనుకోలేదు. పొద్దున లేచి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, చెంచాతో జావ పట్టడం, తొమ్మిదింటికి ఆయా వచ్చాక పనికి పరుగెత్తడం, సాయంత్రం తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టడం. వీధిలో వాళ్ళు, “కంటికి రెప్పలా చూసుకుంటున్నావమ్మా” అనేవాళ్ళు.

కానీ ఆ గంట మాత్రం ఆమె నరాల మీద మోగేది.

టింగ్. ‘కిటికీ నాలుగంగుళాలు.’ తెరిచేది. టింగ్. ‘నాలుగు. ఆరు కాదు.’ చెంచా నోటికి పెట్టబోతే టింగ్, ‘వేడి’. తను కంచం ముందు కూర్చోగానే టింగ్, ‘దిండు’. దిండు సర్ది వచ్చి ముద్ద కలుపుకుంటే టింగ్, ‘ఎడమకి’. అక్క తప్పేమీ లేదు. దిండు నిజంగానే ఎడమకి జరగాలి. కదల్లేని మనిషికి అంగుళం తేడా రాత్రంతా నొప్పి. ఇవన్నీ చెల్లెలికి తెలుసు. అయినా పనిలో ఉండగా దుకాణం తలుపు గంట మోగితే కూడా ఆమె భుజాలు బిగుసుకునేవి.

ఒక నెలాఖర్లో మూడుసార్లు అక్క ఒకే మాట రాసింది: ‘స్క్రూ వదులు.’ ల్యాప్‌టాప్‌ను మంచం మీదికి వంచి పట్టుకునే ఇనప చెయ్యికి ఉన్న స్క్రూ అది. “రేపు బిగిస్తాలే అక్కా” అని మూడుసార్లూ అంది చెల్లెలు.

మరుసటి నెల రెండో తారీఖు పొద్దున దుప్పటి మారుస్తుంటే ఆమె మోచెయ్యి తగిలి ఇనప చెయ్యి జర్రున జారింది. ల్యాప్‌టాప్ మంచం కోడు మీద పడింది. ఎత్తి చూస్తే తెర మూలనుంచి పగిలి, సిరాబుడ్డి ఒలికినట్టు నల్లటి మరక నడిమి దాకా పాకుతోంది. మిగిలినంత మేరా నిలువు గీతలు. అక్క ఆ మరకను చూస్తూ బొత్తాం నొక్కింది. ఆగి మళ్ళీ నొక్కింది. కొంతసేపటికి టింగ్‌మంది. ఏం రాసిందో ఆమెకూ తెలీదు, చెల్లెలికీ తెలీదు.

“బాగుచేయిస్తానక్కా, ఇవాళే” అంది చెల్లెలు. అప్పుడది నిజమే.

నిజంగానే కాళ్ళరిగేలా తిరిగింది. దుకాణంలో సెలవు పెట్టి, ల్యాప్‌టాప్‌నూ కాలి బొత్తాన్నీ తువ్వాల్లో చుట్టుకుని, ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే వీధిలో ఈ చివరనుంచి ఆ చివరిదాకా కనిపించిన ప్రతి దుకాణం మెట్లూ ఎక్కింది. మొదటి దుకాణంలో కుర్రాళ్ళు దాన్ని తిప్పి చూసి నవ్వారు. “దీనికి స్క్రీనెక్కడిదాంటీ! కొత్తది తీసుకోండి.” రెండోచోట, “మ్యూజియంలో అడగండి” అన్నారు. మూడోచోట దొరికిందని ల్యాప్‌టాప్ ఉంచుకుని, ఆమె ఇంటికొచ్చాక ఫోన్ చేసి, వెనక తీగకు పిన్నులు సరిపోవడం లేదు, పది ఎక్కువున్నాయన్నారు. ఇంకోచోట సైజూ సరిపోయింది, పిన్నులూ సరిపోయాయి. కానీ వెలగలేదు. ఎందుకు వెలగలేదో వాళ్ళకీ తెలియలేదు.

నాలుగోరోజు ఎవరో చెప్పారు: “బ్యాటరీల కొట్టు మేడ మీద ఒకాయనుంటాడు. పోయిన తెరల మీద బొమ్మ రప్పిస్తాడని బొమ్మల డాక్టరంటారు. ఆయన దగ్గర లేకపోతే ఇంకెక్కడా లేనట్టే.”

ఇరుకు మెట్లెక్కితే ఒక గది. గోడల వెంట పాత తెరలు బడిపిల్లల పలకల్లా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో అరవై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో బొట్టంత మొన ఉన్న స్క్రూడ్రైవరు. ల్యాప్‌టాప్ తీసుకుని ఏమీ అడక్కుండా తెర చుట్టూ ఉన్న చట్రాన్ని గోటితో ఊడదీశాడు.

“ఇదమ్మా సంగతి. ఇప్పటి స్క్రీన్లకి వెనకాల చిన్నచిన్న లైట్లుంటాయి. దీనికి అగరొత్తంత సన్నటి ట్యూబులైటు ఒకటుంటుంది. వాళ్ళు లైట్ల స్క్రీను తెచ్చి దీనికి పెట్టారు. ఎడ్లబండికి కారు చక్రం పెట్టినట్టు. ఎలా వెలుగుతుంది?”

“దొరుకుతుందా?”

“వెతకాలి. మూసేసిన కాలేజీది తుక్కు వస్తోంది నాకు, అందులో ఉండొచ్చు. అంత అవసరమా ఇది? దీన్లో ఏముంది?”

“మా అక్క మాటలు” అంది చెల్లెలు. అని, మొత్తం చెప్పింది.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “అయితే ఇది ముందు. మిగతావి తర్వాత. ఇక్కడే వదిలిపెట్టి వెళ్ళండమ్మా.”

వెళ్ళేముందు చెల్లెలు ఆయన కళ్ళద్దాలవంక చూసి, “ఎడమ కంటి అద్దం మీది కాదండీ. తల పక్కకి వంచి చూస్తున్నారు. ఒకసారి మా దుకాణానికి రండి” అంది. ఆయన నవ్వాడు.

ఈలోగా ఇంట్లో అట్ట మీద అక్షరాలు రాసి పెట్టుకుంది. “మొదటి వరుసా? రెండోదా? మూడోదా?” అని వేలు పెట్టి చదువుతూ పోతే కావలసిన చోట అక్క కళ్ళు మూస్తుంది. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. మొదటి రెండు రోజులూ చెల్లెలు ఓపిగ్గా చదివింది. ‘దిండు’ అన్న మాట తేలేసరికి పది నిమిషాలు పట్టింది, గొంతు ఎండిపోయింది. మూడోరోజునుంచి అట్ట తీయకుండా తనే అడగడం మొదలుపెట్టింది. “దిండా? నీళ్ళా? ఫ్యానా? పక్క మార్చాలా?” అవును, కాదు, అవును. పని తొందరగా తెమిలిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె కంచం ముందు కూర్చుని ఆఖరి ముద్ద దాకా తిని, చెయ్యి కడుక్కుని లేచాక గానీ, మధ్యలో లేవకుండా తిన్నానన్న సంగతి ఆమెకు తోచలేదు. తోచాక మళ్ళీ కూర్చుంది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఎన్నేళ్ళనుంచో రోజూ ఉండే ఉంటుంది. తనకు వినబడింది ఆ రోజే.

పదకొండో తారీఖు మధ్యాహ్నం బొమ్మల డాక్టరు ఫోన్ చేశాడు. “దొరికిందమ్మా. బిగించేశాను. బొమ్మ బంగారంలా ఉంది, వచ్చి పట్టుకెళ్ళండి.”

భోజనం వేళ పరుగున వెళ్ళింది. తెర తెల్లగా వెలిగింది, అక్షరాల వరుసలు, వాటి మీద పసుపు గీత. బొత్తాం తగిలించి ఆయన ‘అమ్మ’ అని రాసి చూపించాడు. టింగ్. తెర కింద చట్రం మూలలో గోరంత కాగితం అతికించి ఉంది. దాని మీద ఆయన సంతకం, ఆ రోజు తారీఖు. “ఇది మాత్రం పీకకండి. పీకితే గ్యారంటీ పోయినట్టే.”

“మీ మేలు మర్చిపోనండీ” అంది చెల్లెలు. మనస్ఫూర్తిగానే అంది.

భోజనం వేళ అయిపోయింది కాబట్టి నేరుగా దుకాణానికి వెళ్ళింది. ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టి, తన సాన మిషను కిందున్న సొరుగులో పెట్టింది. సాయంత్రం దీపాలు ఆర్పి అందరూ వెళ్తుంటే సొరుగు లాగింది. తువ్వాలు వంక కాసేపు చూసింది. అక్క మొహం గుర్తుకొచ్చింది, తెర చూడగానే ఆ కళ్ళు ఎలా వెలుగుతాయో కూడా. ఆ వెనకే టింగ్‌మని గంట గుర్తొచ్చింది. ఈ ఒక్క రాత్రీ, అనుకుంది. రేపు తీసుకెళ్తాను. సొరుగు నెట్టేసింది.

మర్నాడూ అలాగే అనుకుంది. మూడోనాటికి అనుకోవడం కూడా మానేసింది. సొరుగు తాళం చెవి మాత్రం జాకెట్లో దోపుకుని తిరిగేది. బయట వాళ్ళకు ఏ తేడా కనబడలేదు. పొద్దున ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, జావ పట్టింది. మునుపటికన్నా మెత్తగా, ఓపిగ్గా చేసింది. తేలు కుట్టిన దొంగ నోరెత్తలేడు కదా, చేతులతోనైనా ఏదో ఒకటి చేస్తూ ఉండాలి.

పన్నెండో తారీఖునుంచే అక్క మొహం ముడుచుకుని ఉండేది.

“నొప్పా అక్కా?”

ఒకసారి మూసింది.

“కాలా? నడుమా? వీపా? భుజమా?”

రెండేసిసార్లు. కాదు, కాదు, కాదు.

“తలా?”

అక్క కాస్త ఆలోచించినట్టు ఆగి, ఒకసారి మూసింది. తలనొప్పి మాత్ర పొడిచేసి జావలో కలిపి ఇచ్చింది చెల్లెలు. మర్నాడూ తలనొప్పే, మళ్ళీ మాత్రే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. ల్యాప్‌టాప్ కోసం ఏడుస్తోందనుకుంది. అనుకున్నకొద్దీ ఆ కళ్ళవైపు చూడటం తగ్గించింది.

పదహారో తారీఖు ఆదివారం. అక్క చూపు గోడకానించిన అట్టమీదే నిలిపి ఉంచింది. తప్పక చెల్లెలు అట్ట తీసింది.

“మొదటి వరుసా? రెండోదా?”

రెండోది.

“క?”

ఒకసారి మూసింది.

“క. తర్వాత? మొదటి వరుసా...” అనబోయి ఆగిపోయింది చెల్లెలు. ‘క’తో అక్క అడగబోయేది ఇంకేముంటుంది? “కంప్యూటరు గురించేనా అక్కా?”

అక్క కళ్ళు మూసింది. తెరిచి, మళ్ళీ మూసింది.

ఆ రెండోసారి మూయడం చెల్లెలు చూసింది. చూసి కూడా, అలసిపోయి రెప్ప వాలిందిలే అని తనకు తాను చెప్పుకుంది. “ఇంకా దొరకలేదక్కా. ఆయన వెతుకుతున్నాడు. ఈ వారంలో వచ్చేస్తుందన్నాడు” అంది గబగబా. అట్ట తీసుకెళ్ళి గోడకు తిరగేసి పెట్టింది. వెనక్కి తిరిగేసరికి అక్క పైకప్పు వంక చూస్తోంది. ఆ రోజంతా దేనికీ కళ్ళు మూయలేదు, అవునని గానీ కాదని గానీ.

ఇరవయ్యో తారీఖు పదకొండు గంటలకు ఆయా దుకాణానికి ఫోన్ చేసింది. మూడేళ్ళుగా ఎప్పుడూ అలా చెయ్యలేదు.

“చిన్నమ్మగారూ, పెద్దమ్మగారు రెండుసార్లు వాంతి చేసుకున్నారు. కుడి కన్ను చూస్తే నాకు భయంగా ఉంది. రక్తం ముద్దలా ఉందండీ. లోపల గుడ్డు మసగ్గా ఉంది. ఏం నొప్పో ఏంటో, ఆ మిషనన్నా ఉంటే చెప్పుకునేవారు పాపం.”

చెల్లెలు తాళం చెవి తిప్పి సొరుగు లాగింది. తువ్వాలుతో సహా ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని ఆటో ఎక్కింది. ఇల్లు చేరి, ఇనప చెయ్యికి బిగించి, బొత్తాం అక్క వేలికింద పెట్టింది. “వచ్చిందక్కా, ఇప్పుడే ఇచ్చాడు” అంది. ఆ పూట కూడా అబద్ధమే.

పసుపు గీత దిగుతోంది. అక్క బొటనవేలు కదిలింది. ఎనిమిది నిమిషాలు పట్టింది.

టింగ్. ‘కుడి కన్ను. దీపం చుట్టూ రంగులు.’

ఆ మాట చెల్లెలు అంతకుముందే ఎన్నోసార్లు చదివింది. దుకాణం గోడ మీద ఒక బోర్డుంది, రోజూ తనే తుడుస్తుంది. కంట్లో ఒత్తిడి పెరిగితే కనిపించే గుర్తులు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళమనే హెచ్చరిక. అందులో మొదటి గుర్తు అదే: దీపం చుట్టూ రంగుల వలయాలు. అక్క ‘క’ దగ్గర చెప్పబోయి ఆగిపోయిన మాట ఏదో అప్పుడు తెలిసింది. ఇంకో అక్షరం చదివి ఉంటే చాలు.

కంటి ఆస్పత్రిలో డాక్టరు నడివయసు ఆడమనిషి. లైటు వేసి చూసింది, కొలిచింది, మళ్ళీ కొలిచింది.

“నోట్లో చొంగ కారకుండా వేసే మాత్ర వాడుతున్నారా?”

“ఆరు నెలలుగా.”

“కొందరికి దానివల్ల ఇలా అవుతుంది. ఎన్నాళ్ళనుంచి నొప్పి?”

“ఇవాళే తెలిసిందండీ” అంది చెల్లెలు.

చక్రాల కుర్చీలో ఉన్న అక్క ముందు ఆయా పట్టుకున్న ల్యాప్‌టాప్ టింగ్‌మంది. డాక్టరు వంగి చదివింది. “ఎనిమిది రోజులు?” అని తలెత్తి చెల్లెలి వైపు చూసింది. “ఎనిమిది రోజులు ఏం చేశారమ్మా? రెండు మూడు రోజుల్లో తెస్తే నిలబెట్టేదాన్ని. లోపల నరం పోయింది. ఈ కంటికి ఇక చూపు రాదు. రెండోదానికి ఇవాళే లేజరు చేస్తాను, అదైనా దక్కుతుంది.”

“ఆ మిషను పాడైపోయిందండీ, చెప్పడానికి లేకపోయింది” అంది ఆయా, చెల్లెల్ని వెనకేసుకొస్తూ. “మా చిన్నమ్మగారు దానికోసం తిరగని వీధి లేదు.”

చెల్లెలు వంగి అక్క కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

ఇంటికొచ్చాక వారం రోజులు అక్క అవసరమైనవే రాసింది. చుక్కల మందు, దిండు, నీళ్ళు. ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఆయా లేని సమయంలో గంట మోగింది. తెర మీద అంకె ఒక్కటే ఉంది.

‘11’

“ఏంటక్కా?”

అక్క మిగిలిన కన్ను కిందికి, చట్రం మూలకు తిప్పింది. గోరంత కాగితం. అరంగుళం గట్టు జరిగితే పట్టుకున్న మనిషి ఆమె. ఒంటికన్నుతో అది చదవడానికి ఎంత సేపు పట్టి ఉంటుంది?

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక దాచడానికి ఓపిక లేకపోయింది.

“అవునక్కా. పదకొండునే వచ్చింది. దుకాణంలో సొరుగులో పెట్టాను.”

గీత నడిచింది. టింగ్. ‘ఎందుకు?’

“తెలీదు... తెలుసు. ఆ గంట వినలేకపోయాను. ఒక్కరోజనుకున్నాను. తర్వాత... అలసిపోయానక్కా. నాలుగేళ్ళు. నీకు కోపమొచ్చినా సరే, అలసిపోయాను.”

అక్క బొటనవేలు కదలడం మొదలుపెట్టింది. చెల్లెలు తెరవైపు చూసే ధైర్యం లేక ఆ వేలినే చూస్తూ కూర్చుంది. ఆగుతుంది, నొక్కుతుంది, ఆగుతుంది. అరగంటకు పైగా పట్టింది.

టింగ్. ‘నాతో చెప్పి ఉంటే నేనే గంట ఆపించేదాన్ని. రోజుకు రెండుసార్లే రాసేదాన్ని.’

చెల్లెలు మంచం మీద తల వాల్చి గట్టిగా ఏడ్చింది. “నన్ను తిట్టక్కా. ఏదో ఒకటి అను” అంది. వేలు బొత్తాం మీదే ఉంది గానీ కదల్లేదు. ఎండ గోడ మీదినుంచి జారిపోయేదాకా అలాగే ఉన్నారు ఇద్దరూ.

మర్నాడు పొద్దున గంట మోగింది. తెర మీద ఇలా ఉంది:

‘మంచినీళ్ళు ఇవ్వండి.’

చెల్లెలు రెండుసార్లు చదివింది. పొరపాటున నొక్కిందేమో అనుకుంది. నీళ్ళు పట్టి, మూతి తుడిచింది. కాసేపటికి మళ్ళీ టింగ్. ‘దిండు ఎడమకి జరపండి.’

‘దిండు’ అంటే చాలు, చెల్లెలికి అర్థమవుతుంది. ‘జరుపు’ అనైనా అనొచ్చు. ఆ ‘అండి’ కోసం అక్క ఇంకో నాలుగుసార్లు వేలు నొక్కాలి, గీత దిగివచ్చేదాకా నాలుగుసార్లు ఎదురు చూడాలి. ఆ శ్రమంతా పడి రాసింది. పుట్టినప్పటినుంచీ ‘ఒసే’, ‘ఏమే’ అని పిలిచిన నోరు.

“అక్కా, నన్ను మీరంటావేంటక్కా” అని కాళ్ళు పట్టుకుంది. అక్క కన్ను కిటికీవైపు తిరిగింది.

అప్పటినుంచి అదే వరుస. చెల్లెలు గంట మోగకముందే పరుగెత్తుకొచ్చేది. ఒక నెల పని మానేసి ఇంట్లోనే కూర్చుంది. రోజూ పడుకునేముందు అట్ట తీసి, తెర ఉన్నా సరే, “ఏమైనా చెప్పాలా అక్కా?” అని వరుసలన్నీ చదివేది. అక్క ఏ వరుస దగ్గరా కళ్ళు మూసేది కాదు. ఆయాతో మాత్రం ‘నువ్వు’ అనే రాసేది. ‘నీ కూతురికి జ్వరం తగ్గిందా?’ అని ఒకరోజు ఇరవై నిమిషాలు కష్టపడి అడిగింది.

వాన పడుతున్న ఒక సాయంత్రం ఆయా వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“చిన్నమ్మగారూ, ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటున్నా. పెద్దమ్మగారు మిమ్మల్ని ‘మీరు’ అంటారు కదండీ. తోబుట్టువుని ఎవరంటారండీ అలాగ? మీరు చేసే చాకిరీకి ఆవిడ మనసులో ఎంత గౌరవముందో! చూస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి నాకు.”

“అవునమ్మా” అంది చెల్లెలు. “గొడుగు తీసుకెళ్ళు, తడుస్తావు.”

లోపల గంట మోగింది. చెల్లెలు తలుపు వేసి వెళ్ళింది.